ఫ్యాను పక్కన హ్యాంగింగ్ లైటు: బరంపురంలో ఒక ఇంటి కేస్ స్టడీ

ఒడిశాలోని బరంపురంలో ఒక రిటైర్డ్ మేష్టారి ఇంట్లో భోజనాల బల్ల మీద మూడు గాజు హ్యాంగింగ్ లైట్లు ఉండేవి. ఖరీదైనవే, చూడ్డానికీ బాగుంటాయి, కానీ అవి వేసుకుని ఇంట్లో ఎవరూ అన్నం తినేవాళ్లు కాదు. రాత్రి భోజనాల వేళకి వాటిని ఆపేసి హాల్లో ట్యూబ్‌లైటు వేసుకునేవాళ్లు, ఆ వెలుతురు బల్ల దాకా ఎంత వస్తే అంతలోనే తినేసేవాళ్లు. "బాబూ, వాటిని పీకేసి రెండు ప్యానెల్ లైట్లు పెట్టేయ్, గొడవ వదిలిపోతుంది" అని మేష్టారు కబురు పెట్టారు. నేను బరంపురంలో ఉంటూ ఇటు గోపాల్‌పూర్, అటు పర్లాకిమిడి, సరిహద్దు దాటి ఇచ్ఛాపురం దాకా ఇళ్లకి వైరింగు, లైటింగు పనులు చేస్తాను. ఇలాంటి ఫిర్యాదు ఈ మధ్య చాలా ఇళ్ల నుంచి వస్తోంది కాబట్టి ఈ ఒక్క ఇంటి పని మొదటి నుంచి చివరి దాకా, కొలతలతో సహా రాస్తున్నాను. ఇంటివాళ్లు ఒప్పుకున్నాకే రాస్తున్నాను, పేర్లు మాత్రం వద్దన్నారు.

ఇంట్లో రోజూ ఉండేది మేష్టారు, ఆయన భార్య (నేను అమ్మగారంటాను), ఆయన తల్లి (మామ్మగారంటాను). కొడుకు, కోడలు బెంగళూరులో ఉంటారు, దసరాకో సంక్రాంతికో పిల్లలతో వస్తారు. ఆ గాజు లైట్లు కొడుకు ఫోన్లో ఫోటో చూసి తెప్పించినవి. హాలు, డైనింగు కలిపి ఒకే పొడవాటి గది: 22 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. వంటగది వైపు చివరి సగం డైనింగు. స్లాబు నేల నుంచి 10 అడుగుల ఎత్తులో ఉంది, దాని కింద జిప్సం ఫాల్స్ సీలింగు 9 అడుగుల 2 అంగుళాల దగ్గర ఉంది. బల్ల 5 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 30 అంగుళాల ఎత్తు. డైనింగు సగానికి సరిగ్గా నడిమధ్యన ఫ్యాను, ఆ ఫ్యాను కిందే బల్ల. లైట్లు బిగించినవాళ్లు మనుషుల తలకి తగలకూడదని గాజు అంచు నేల నుంచి 7 అడుగుల ఎత్తులో ఉండేలా, ఫ్యాను రెక్కలు తిరిగే వలయానికి కాస్త పక్కగా, బల్ల పొడవునా వరసగా వేలాడదీశారు.

మొదటి రోజు నేను పానా, స్క్రూడ్రైవరు ఏదీ తీయలేదు. సాయంత్రం చీకటి పడ్డాక వెళ్లి, లైట్లు వేయించి, ఫ్యాను తిప్పించి, ఇంట్లో ఒక్కొక్కరూ రోజూ ఎక్కడ కూర్చుంటారో నేనూ అక్కడ కూర్చుని చూశాను. కుర్చీలో కూర్చుంటే మనిషి కన్ను నేల నుంచి ఇంచుమించు 46 నుంచి 48 అంగుళాల ఎత్తులో ఉంటుంది. గాజు అంచు 84 అంగుళాల దగ్గర. అది పారదర్శకమైన గాజు, లోపల ఫిలమెంటు కనిపించే రకం ఎల్ఈడీ బల్బు, అంటే ఏ వైపు నుంచి చూసినా వెలిగే తీగె నేరుగా కంట్లో పడుతుంది. ఎదురుగా కూర్చున్న మనిషి మొహం చూద్దామని తల ఎత్తితే ముందు బల్బు కనిపిస్తుంది. ఇంకా ముఖ్యమైన సంగతి మామ్మగారిది. ఆవిడ వంటగది గుమ్మం దగ్గర చిన్న పీట మీద కూర్చుని కత్తిపీటతో కూరలు తరుగుతారు, రాత్రి అక్కడే కంచం పెట్టుకుని తింటారు, మోకాళ్లు బాగున్నంతకాలం కుర్చీ ఎక్కనంటారు. పీట మీద కూర్చుంటే కన్ను ఎత్తు 30 అంగుళాల దగ్గరే ఉంటుంది. ఆవిడకి ఆ మూడు బల్బులూ కింద నుంచి నగ్నంగా కనిపిస్తాయి. "కళ్లలో సూదులు గుచ్చినట్టుంటాది నాయనా" అన్నారు. ఇంట్లోవాళ్లు అది వయసు వల్ల, కేటరాక్టు వల్ల అనుకున్నారట. ఆవిడ పీట మీద నేను కూర్చుంటే నాకూ అలాగే ఉంది.

రెండో సంగతి గాలి. ఫ్యాను మూడో నంబరు దాటితే గాజు బుడ్డీలు ఊగి ఒకదానికొకటి తగిలేవి. వైరు మీద వేలాడే తేలికపాటి లైటు ఫ్యాను గాలిలో ఊగక తప్పదు, ఊగితే బల్ల మీద నీడలూ ఊగుతాయి. దీనికి తోడు ఫాల్స్ సీలింగులో ఫ్యాను చుట్టూ నాలుగు చిన్న డౌన్‌లైట్లు బిగించారు. ఫ్యాను రెక్కల కన్నా లైటు పైన ఉంటే తిరిగే రెక్క వెలుతుర్ని నరుకుతూ పోతుంది, కింద అంతా టపటపా మినుకుతుంది. తినే కంచంలో ఆ మినుకు పది నిమిషాలు చూస్తే తలనొప్పి వస్తుంది. ఇది లైటు లోపం కాదు, స్టెబిలైజరు పెట్టినా పోదు. లైటు ఫ్యాను రెక్కల కన్నా కిందికి రావాలి, లేదా రెక్కలు తిరిగే వలయానికి బాగా దూరం జరగాలి, మూడో దారి లేదు.

ఇంకో రెండు లోపాలు స్టూలు ఎక్కాక తేలాయి, అవి కింద చెబుతాను.

ఈ పనిలో నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. హ్యాంగింగ్ లైటు ఎంపిక షాపులో మొదలుకాకూడదు. ఇంట్లో కూర్చునే మనిషి కంటి దగ్గర మొదలై, ఫ్యాను దగ్గర ఒక మలుపు తిరిగి, ఆఖరికి షాపుకి చేరాలి. మనవాళ్లు ఎక్కువ మంది ఫోటోతో మొదలుపెడతారు. ఆ ఫోటోల్లో చాలా వాటిలో సీలింగు ఫ్యానే ఉండదు. చలిదేశాల ఇళ్లవి అవి. వైశాఖంలో బరంపురం ఎండ చూసినవాళ్లెవరూ ఫ్యాను లేని డైనింగు ఊహించలేరు. కాబట్టి ఆ ఫోటోలోని లైటు ఎత్తు, లైట్ల సంఖ్య, వాటి మధ్య దూరం ఏదీ మన గదికి నేరుగా పనికిరాదు.

ఫ్యానుకి దారి వెతకడమే ఈ కేసులో ఎక్కువ ఆలోచన పట్టిన భాగం. బల్లని గోడ వైపు జరిపి, లైటుని బల్లతో పాటు జరిపితే సరిపోతుందా అని ముందు చూశాం. వంటగది గోడకీ బల్లకీ మధ్య కుర్చీ వెనక్కి లాగి లేవాలంటే 30 నుంచి 36 అంగుళాలు కావాలి. గోడ నుంచి 30 అంగుళాలు వదిలి బల్ల వేస్తే బల్ల మధ్య గీత గోడకి 4 అడుగుల దూరంలో వస్తుంది. ఫ్యాను గోడ నుంచి ఐదున్నర అడుగుల దూరంలో ఉంది, 1200 మిల్లీమీటర్ల మామూలు ఫ్యాను రెక్క చివర మధ్య నుంచి 2 అడుగులు వస్తుంది. అంటే లైటు ఇంకా రెక్కల కిందే. లాభం లేదు. ఫ్యాను తీసేసి గోడ ఫ్యాను పెడదామంటే అమ్మగారు ఒప్పుకోలేదు, ఎదురుగాలికి అన్నం ఆరిపోతుందని, అప్పడాలు ఎగిరిపోతాయని. నాకూ ఆ మాట న్యాయంగానే తోచింది.

చివరికి రెండూ కొంచెం కొంచెం జరిగాయి. గోడ వైపు కుర్చీలు తీసేసి గోడకి ఆనించి బెంచీ చేయించాం, బెంచీ లాగక్కర్లేదు కాబట్టి బల్ల గోడకి 20 అంగుళాల దగ్గరికి వచ్చింది, బల్ల మధ్య గీత 38 అంగుళాలకి వచ్చింది. ఫ్యానుని హాలు వైపు ఒకటిన్నర అడుగు జరిపి, స్లాబుకి కొత్తగా ఫాస్టెనరుతో క్లాంపు బిగించాం. అంటే ఫ్యాను గోడకి 7 అడుగుల దూరం, లైటు 3 అడుగుల 2 అంగుళాల దూరం. మధ్యలో 3 అడుగుల 10 అంగుళాలు, అందులో రెక్క 2 అడుగులు, లైటు వ్యాసార్ధం 10 అంగుళాలు తీసేస్తే లైటు అంచుకీ రెక్క చివరకీ మధ్య ఒక అడుగు ఖాళీ మిగిలింది. గాలి మాత్రం బల్ల దాకా హాయిగా వస్తోంది, ఫ్యాను గాలి కిందికి దిగేకొద్దీ విచ్చుకుంటుంది కాబట్టి. డౌన్‌లైట్లలో రెక్కల పరిధిలో పడిన రెండూ తీసేసి గోడ అంచుకి మార్చాను.

అయినా వైరు మీద వేలాడదీస్తే కొద్దిగా ఊగుతుంది. అందుకని వైరూ గొలుసూ వద్దనుకుని పైపుతో దించాలని నిర్ణయించాం. ఫ్యాను ఉన్న గదిలో హ్యాంగింగ్ లైటు అంటే నేను పైపునే ఎంచుకుంటాను, వైరుతో వేలాడే రకం మెట్ల దగ్గరో, ఫ్యాను లేని మూలలోనో బాగుంటుంది.

ఒకటా, మూడా? మూడు వరసగా అనేది పొడవాటి బల్లకి. ఐదడుగుల బల్లకి ఒకటి చాలు, లేదంటే చిన్నవి రెండు. ఒక్కటే అయితే దాని వెడల్పు బల్ల వెడల్పులో సగానికి తగ్గకుండా, మూడింట రెండు వంతులకి మించకుండా ఉండాలి. 36 అంగుళాల బల్లకి 18 నుంచి 24. బల్ల అంచుకీ లైటు అంచుకీ మధ్య కనీసం 6 అంగుళాలు వదలాలి, లేకపోతే లేచేటప్పుడు నుదుటికి తగులుతుంది. మేం 20 అంగుళాలు అనుకున్నాం.

ఇక్కడ అమ్మగారు అటక మీద నుంచి ఒక ఇత్తడి బేసిను దింపించారు. అత్తగారి పెళ్లినాటిదట, పెద్ద పండగలకి పులిహోర కలిపేవాళ్లట. మూతి 20 అంగుళాలు, లోతు 8 అంగుళాలు, బరువు 3 కిలోలకి కాస్త తక్కువ. "ఇది పనికొస్తుందా బాబూ" అని అడిగారు. ఒక పెద్ద గంగాళం కూడా దింపారు గానీ అది చాలా బరువు, నేను వద్దన్నాను. బేసినుని చేత్తో తిప్పి చూస్తే లోపల పాత కళాయి ఇంకా అక్కడక్కడ మిగిలి ఉంది. అది చూడగానే నాకు ఉత్సాహం వచ్చింది, ఎందుకంటే షేడుకి కావాల్సిన గుణం సరిగ్గా అదే: బయట వెలుతురు దాటనివ్వని లోహం, లోపల తెల్లగా మెరిసి వెలుతుర్ని కిందికి తోసే పూత. కళాయి అంటే తగరమే కదా. మళ్లీ కళాయి పెట్టిస్తే కొత్త షేడు కొన్నంత పని చేస్తుంది, పైగా ఇంటి వస్తువు. కళాయి పెట్టేవాళ్లు తగ్గిపోయారు గానీ బరంపురంలో అడిగితే ఇంకా దొరుకుతారు. ఈ జిల్లాలో ఇత్తడి పనివాళ్లకి మంచి పేరుంది, బెల్లగుంఠ ఊళ్లో చేసే, వంకీలు తిరిగే ఇత్తడి చేపల్ని చూసినవాళ్లకి ఆ చేతి నేర్పు తెలుసు.

మామ్మగారిని అడగకుండా కన్నం పెట్టనన్నాను. ఆవిడ కాసేపు బేసిను నిమిరి, "అటక మీద ఉంటే ఏటి లాభం, దీపానికి ఇచ్చేయండి" అన్నారు.

అడుగున నడిమధ్యన పైపు పట్టేంత కన్నం, దాని చుట్టూ వేడి బయటికి పోవడానికి చిన్న కన్నాలు కొన్ని. ఎల్ఈడీ బల్బు చెయ్యి కాలేంత వేడెక్కదు గానీ దాని లోపలి సర్క్యూటు మూసేసిన చోట వేడికి త్వరగా పోతుంది, గాలి ఆడే దారి ఉండాలి. ఆ కన్నాల్లోంచి పైకి కొద్దిగా వెలుతురు పోయి సీలింగు మీద పడుతుంది. అది మంచిదే, పైన పూర్తిగా చీకటైపోతే గది గుహలా ఉంటుంది. కన్నాలకి లోపలి వైపు సన్నటి జాలీ అతికించాం. కన్నం అంచులన్నీ ఆకురాయితో నున్నగా అరగదీయించాను, లోహపు అంచు వైరు తొడుగుని కోస్తే షేడు మొత్తానికి కరెంటు వస్తుంది.

కింద మూతికి పాలరంగు యాక్రిలిక్ పళ్లెం, అంచు కన్నా ఒక అంగుళం లోపలికి. ఇది మామ్మగారి కోసం. కుర్చీలో కూర్చున్నవాళ్లకైతే బేసిను అంచే బల్బుని చాలావరకు దాస్తుంది, పీట మీద నుంచి చూస్తే దాయదు. పాల పళ్లెం పెడితే బల్బు ఒక చుక్కగా కాకుండా పళ్లెం అంతా మెత్తగా వెలుగుతుంది. నేల మీద కూర్చునే అలవాటున్న ఏ ఇంట్లో అయినా, పాకే పసిపిల్లలున్న ఇంట్లో అయినా, అడుగు తెరిచి ఉన్న షేడు నేను పెట్టను.

బల్బు సంగతి. మామూలు 9 వాట్ల ఎల్ఈడీ బల్బు సుమారు 800 నుంచి 900 ల్యూమెన్ల వెలుతురు ఇస్తుంది, పాత 60 వాట్ల బల్బంత. పాల పళ్లెం కొంత వెలుతురు తినేస్తుంది కాబట్టి 12 వాట్లది వేశాం. రంగు దగ్గర మేష్టారికీ నాకూ పెద్ద చర్చే జరిగింది. ఆయన పొద్దున్న అదే బల్ల మీద తెలుగు పేపరు, ఒడియా పేపరు రెండూ చదువుతారు, ఆయనకి 6500 కెల్విన్ల తెల్లటి వెలుతురు కావాలి, పసుపుది వేస్తే కరెంటు తక్కువొచ్చినట్టుంటుందంటారు. మన వైపు చాలామంది మాటే అది. నేను రెండు బల్బులు తీసుకెళ్లి ఒకదాని తర్వాత ఒకటి వెలిగించి, బల్ల మీద ఆవకాయ, పప్పు, అన్నం పెట్టించాను. తెల్లటి చవక బల్బు కింద ఆవకాయ గోధుమరంగులో చప్పగా కనిపించింది. 3000 కెల్విన్ల పసుపుది, సీఆర్ఐ 90 ఉన్నది వెలిగిస్తే ఎరుపు ఎరుపుగా, నూనె నూనెలా కనిపించింది. సీఆర్ఐ అంటే ఆ వెలుతురులో వస్తువుల అసలు రంగు ఎంతవరకు తెలుస్తుందో చెప్పే అంకె, 100 దానికి గరిష్ఠం. చవక బల్బులు 80 దగ్గరే ఆగుతాయి, అందులోనూ ఎరుపు దగ్గరే ఎక్కువ దెబ్బతింటాయి. పచ్చళ్లకీ అప్పడాలకీ పేరున్న ఊళ్లో ఉంటూ ఆవకాయ రంగు చంపుకుంటామా అన్నాను, మేష్టారు ఒప్పుకున్నారు. ఆయన పేపరు కోసం బెంచీ వెనక గోడకి 4000 కెల్విన్ల ట్యూబు ఒకటి, వేరే స్విచ్చుతో.

హోల్డరు మాత్రం మన మామూలు రెండు పిన్నుల బీ22 పెట్టాను. ఫోటోల్లో లైట్లకి మరలా తిప్పి బిగించే ఈ27 వస్తుంది. సీఆర్ఐ 90 బల్బు వీధి చివర కొట్లో దొరకదు, రెండు అదనంగా ఇచ్చాను, అవి అయిపోయిన రాత్రి మేష్టారు ఏ కొట్లో బల్బు తెచ్చినా ఆ హోల్డరులో పడాలి.

ఎత్తు. ఇదే అసలు పరీక్ష. లైటు అడుగు బల్ల మీద నుంచి 30 నుంచి 36 అంగుళాల ఎత్తులో ఉండాలనేది అందరూ వాడే లెక్క, 8 అడుగుల సీలింగుకి 30 దగ్గర, ఆపైన ప్రతి అడుగుకీ ఒక 3 అంగుళాలు కలుపుకోవచ్చు. మన నేషనల్ బిల్డింగ్ కోడ్ నివాస గదికి 2.75 మీటర్లకి, అంటే 9 అడుగులకి తక్కువ ఎత్తు వద్దంటుంది, కాబట్టి మన ఇళ్లలో 30 అంగుళాల లెక్క ఉన్నదున్నట్టు పెడితే తరచు కిందికి దిగిపోయినట్టు అనిపిస్తుంది. అంకె ఏదైనా నేను దాన్ని అట్టతో పరీక్షించకుండా డ్రిల్లు పట్టను. 20 అంగుళాల వ్యాసంతో అట్ట చక్రం కోసి, పురికొసతో బల్ల మీద 32 అంగుళాల ఎత్తులో వేలాడదీసి, ఆ రాత్రి దాని కిందే భోజనం చేయమన్నాను. దసరా సెలవులకి కొడుకు, కోడలు కూడా వచ్చి ఉన్నారు, అది కలిసొచ్చింది.

ఏ ఫోటోలోనూ కనిపించని విషయం అక్కడ బయటపడింది. మన ఇళ్లలో ఒకరు నిలబడి వడ్డిస్తారు. వడ్డించే మనిషి బల్ల మీదికి వంగి అవతల కంచంలోకి గరిటె చాచాలి, వంగినప్పుడు తల లైటు అంచు దగ్గరికి వస్తుంది. అమ్మగారు పొట్టి, ఆవిడకి తగల్లేదు. సాంబారు గిన్నె పట్టుకుని వంగిన కొడుకు నుదుటికి అట్ట తగిలింది. అట్ట కాబట్టి నవ్వుకున్నారు, ఇత్తడి అంచు అయితే నుదురు చీరుకునేది. అట్టని 35 అంగుళాలకి ఎత్తాం, అందరి చేత వంగి వడ్డింపించాం, ఎవరికీ తగల్లేదు, ఎదురెదురు మనుషుల మొహాలు అడ్డం లేకుండా కనిపించాయి. అలా అంచు నేల నుంచి 65 అంగుళాల దగ్గర ఖాయమైంది. బేసిను లోతు 8 అంగుళాలు, ఫాల్స్ సీలింగు 110 అంగుళాల దగ్గర, మధ్యలో పైపు 37 అంగుళాలు. బల్ల లేని చోట, మనుషులు నడిచే చోట మాత్రం ఏ లైటూ 7 అడుగుల కన్నా కిందికి దిగకూడదు.

బిగింపుకి వద్దాం. పాత లైట్ల సీలింగ్ కప్పులు విప్పి చూస్తే మూడూ జిప్సం బోర్డుకే మరలతో బిగించి ఉన్నాయి. జిప్సం బోర్డు మందం పన్నెండున్నర మిల్లీమీటర్లు, లోపలంతా సుద్దపొడి లాంటి పదార్థమే. ఫ్యాను గాలికి లైటు ఊగుతూ ఊగుతూ ఒక మర కన్నం వదులై, కప్పు అప్పటికే పావు అంగుళం కిందికి జారి ఉంది. గాజు కింద మనుషులు కూర్చుని తినే చోటది. ఫాల్స్ సీలింగు దేన్నీ మొయ్యదు, అది ముసుగు మాత్రమే, ఏ బరువైనా స్లాబు నుంచే దిగాలి అని ప్రతి ఇంట్లో చెబుతాను.

స్లాబులో డ్రిల్లు పెట్టే ముందు మెయిన్ ఆపడం ఒక్కటే చాలదు. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో మెయిన్ ఆపగానే ఇన్వర్టరు మేలుకుంటుంది, లైట్ల వైర్లలో కరెంటు అలాగే ఉంటుంది. రెండూ ఆపి, టెస్టరుతో చూసి, అప్పుడు చెయ్యి పెట్టాలి. తర్వాత స్లాబు లోపలి పైపులు. కాంక్రీటు పోసేటప్పుడే ఫ్యాను బాక్సు నుంచి గోడ దాకా వైర్ల పైపులు వేసేస్తారు, చాలావరకు దగ్గర దారిలో, తిన్నగా. కాబట్టి పాత ఫ్యాను బాక్సుకీ స్విచ్‌బోర్డు ఉన్న గోడకీ మధ్య ఊహాగీత గీసుకుని, ఆ గీత మీద కన్నం పెట్టకుండా తప్పించాను. డిటెక్టరుతో కూడా చూశాను. ఒక కన్నంలో ఊచ తగిలింది, అక్కడ ఆపి రెండు అంగుళాలు పక్కకి జరిగాం. ఊచని పొడవడం స్లాబుకీ మంచిది కాదు, డ్రిల్లు బిట్టుకీ మంచిది కాదు. నాతో వచ్చే ఒడియా కుర్రాడికి ఈ పని ఓపిగ్గా చేయడం బాగా వచ్చు. యాంకర్ ఫాస్టెనర్లతో స్లాబుకి ఇనుప ప్లేటు, దాని నుంచి గట్టి మర రాడ్లు ఫాల్స్ సీలింగు దాటి కిందికి, వాటికి పైపు.

లైటు తగిలించే ముందు బరువు పరీక్ష. లైటు ఫిట్టింగుల ప్రమాణాల్లో వేలాడే లైటుకి దాని బరువుకి నాలుగింతలు అదనంగా గంటసేపు వేలాడదీసి చూడాలని ఉంది. ఇంట్లో దానికి యంత్రం అక్కర్లేదు. లీటరు నీళ్లు కిలో. బేసిను, పైపు, అన్నీ కలిపి 4 కిలోల లోపు, లైటు ఇంకా తగిలించలేదు కాబట్టి ఆ 4 కిలోలూ కలుపుకుని 20 లీటర్ల నీళ్లు పోసిన బకెట్టుని పైపుకి కట్టి, కిందకి ఎవరినీ రానివ్వకుండా గంట ఆగాం. ప్లేటు దగ్గర మార్కు పెట్టిన గీత కదల్లేదు.

వైరింగులో దొరికిన రెండో లోపం: రాత్రి స్విచ్చు ఆపాక కూడా పాత బల్బులు మిణుకుమిణుకుమంటూ సన్నగా వెలుగుతుండేవి. ఇంట్లోవాళ్లు అది ఎల్ఈడీ గుణమేమో అనుకున్నారు. స్విచ్చు కరెంటు తెచ్చే ఫేజ్ వైరుని కాక, తిరిగి పోయే న్యూట్రల్‌ వైరుని తెంపుతోంది. అంటే స్విచ్చు ఆపినా హోల్డరులో కరెంటు ఉన్నట్టే, బల్బు మార్చే మనిషి ప్రాణానికి ముప్పు. సరిచేశాను. ఆ తర్వాత కూడా మసక వెలుగు కొద్దిగా మిగిలింది, అది స్విచ్చులో ఉన్న చిన్న ఎర్ర ఇండికేటరు వల్ల, మామూలు స్విచ్చు వేస్తే పోయింది. పాత లైట్లకి ఎర్త్ వైరే లేదు. ఇప్పుడు వేలాడేది ఇత్తడి, కాబట్టి బోర్డు నుంచి ఎర్త్ వైరు కొత్తగా లాగి బేసినుకీ పైపుకీ గట్టిగా బిగించాను. మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంపుల ఆర్సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై తెంపేసే స్విచ్చు) కూడా పెట్టించాను, మేష్టారు ఖర్చు అన్నారు, దీని మీద నేను బేరమాడను.

మిగతా చోట్లు క్లుప్తంగా. వంటగట్టు మీద రెండు హ్యాంగింగ్ లైట్లు కావాలని కోడలు అడిగింది. గట్టు గోడకి ఆనుకుని ఉంది, పైన అల్మారాలు, వేలాడదీసే చోటే లేదు, వేలాడదీసినా వండే మనిషి నీడే గిన్నెలో పడుతుంది. అల్మారా అడుగున స్ట్రిప్ లైటు వేశాం. పడకగదిలో మంచానికి రెండు వైపులా వేలాడే లైట్లు అడిగింది, అదీ వద్దన్నాను, వీళ్లు ఏడాదంతా దోమతెర కట్టుకుంటారు, తెరకీ లైటుకీ పొత్తు కుదరదు. గోడ లైట్లు పెట్టాం. వీధి వరండాలో మాత్రం గొలుసుకి వేలాడే లాంతరు ఒకటి ఉండేది, దాన్ని నేనే తీయించి సీలింగుకి అంటిపెట్టుకునే లైటు పెట్టించాను. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, ఆ గాలి చూసినవాళ్లం ఆరుబయట గొలుసుకి గాజు వేలాడదీయం. గోపాల్‌పూర్ వైపు ఇళ్లలో అయితే ఉప్పుగాలికి రంగు వేసిన ఇనుప షేడు మర కన్నాల దగ్గర మొదలుపెట్టి తుప్పు పట్టిపోతుంది కూడా.

ఆ మూడు గాజు లైట్లు పారేయలేదు. మెట్ల దగ్గర ఫ్యాను లేదు, గాలి తక్కువ. అక్కడ మలుపు దగ్గర, నిచ్చెన వేసి అందుకోగలిగే చోట, మెట్టు మీద నుంచి 7 అడుగులకి పైన, ఒక్కోటి ఒక్కో ఎత్తులో వేలాడదీశాం, తీగె కనిపించే బల్బులు తీసేసి పాలరంగు బల్బులు వేశాం. కొడుకు కొన్నవి కొడుక్కి దక్కాయి. మెట్ల మధ్య ఖాళీలో, రెండంతస్తుల ఎత్తులో వేలాడదీయమని అడిగాడు గానీ, బల్బు పోతే పరంజా కట్టాల్సిన చోట లైటు పెట్టడం నాకిష్టం లేదు, అతనికి అదే చెప్పాను.

తర్వాతి వానాకాలంలో మళ్లీ వెళ్లి చూశాను. తొలకరి వానకి ఉసిళ్లు దండిగా వచ్చాయి, కొన్ని ఎలాగో దూరి పాల పళ్లెంలో చేరాయి. పళ్లెం మూడు మరలు తిప్పితే ఊడొస్తుంది, అమ్మగారు కడిగి పెట్టేసుకున్నారు. ఉసిళ్లు వచ్చిన రాత్రి బల్ల మీది లైటు ఆపేసి వరండాది వేసి ఉంచమన్నాను, అవి అటు పోతాయి. పైపు నిటారుగానే ఉంది, ఫ్యాను ఐదులో పెట్టినా కదలడం లేదు. ఇత్తడి బయట కొంచెం నల్లబడింది, చింతపండుతో తోమాలని మామ్మగారు పట్టుబట్టారు. స్విచ్చు ఆపి తడిగుడ్డతో తుడవండి గానీ నీళ్లు పోసి కడగొద్దని చెప్పాను, తోమాలనుకుంటే నన్ను పిలిస్తే దింపి ఇస్తాను. ఆవిడ ఇప్పుడూ పీట మీదే కూర్చుంటున్నారు, లైటు వేసే తింటున్నారు. పైపుని కావాలనే రెండు ముక్కలుగా చేయించాను, 25 అంగుళాలది ఒకటి, 12 అంగుళాలది ఒకటి, 18 అంగుళాల ముక్క విడిగా ఇచ్చాను, వైరు సీలింగు పైన చుట్ట చుట్టి ఉంది. రేపు మోకాళ్ల కోసం పొట్టి బల్ల చేయిస్తే ముక్క మార్చి ఆరంగుళాలు దించుకోవచ్చు.